చొక్కా చెయ్యి కుట్టిన గంప

మా సంఘానికి సావనీరు వేస్తారట. అందులో సంఘం చరిత్ర నన్ను రాయమన్నారు. రెండు పేజీలు చాలట. మధ్యలో ఫొటోలకి చోటు వదలాలట. చివర్లో లబ్ధిదారుల జాబితా వస్తుంది కాబట్టి దానికి అతికేటట్టు ముగించాలట. దర్జీకి చొక్కా కొలతలు చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు మా సెక్రటరీ.

సెక్రటరీ అంటే వేరెవరో కాదు, సిమెంటు కొట్టు నడుపుకునే మనిషి, వరసకి నాకు మేనల్లుడు. మంచివాడే. నెల తిరిగేసరికి ఎవరింట్లో గ్యాసు బండ ఖాళీ అయిందో వాడికి తెలుస్తుంది. కానీ చేతిలో ఆ ఫోను ఒకటుంది చూడండి, అది వాడిని నిలవనివ్వదు.

"మావా, నువ్వే రాయాల. నీకు తప్ప ఎవులికి గుర్తున్నాది?" అన్నాడు.

"రాత్తాను గానీ, ఆ జాబితా ఏటిరా అల్లుడూ?"

"అదే మావా, మన సంఘం వల్ల సాయం పొందినోళ్ళ పేర్లు. పక్కన ఫొటోలు. ఇప్పుడు అందరూ అలగే ఏత్తన్నారు."

"అయితే ముందు నా ఫొటో ఎయ్యి. మొదటి ఏడు తీసుకున్నోళ్ళలో నానున్నాను."

"ఊరుకో మావా, నీకన్నీ యేళాకోళాలే."

వేళాకోళం కాదు. నేను తీసుకున్నాను, మా అమ్మ తీసుకుంది. నా సంగతి కాబట్టి నేను చెప్పుకుంటాను. ఇంకొకళ్ళ సంగతి చెప్పడానికి నేనెవర్ని, వాడెవడు? ఒక రోగికి బత్తాయిపండు ఇవ్వడానికి తొమ్మిది చేతులు పండు మీద వేసి, కెమెరా వైపు పళ్ళికిలించే కాలం ఇది. ఆ తొమ్మిది చేతుల వెనకాల మంచం మీదున్న మనిషి మొహం ఎప్పుడైనా చూశారా? నేను చూశాను. అందుకే రెండు పేజీల్లో సరిపెట్టను. ఫొటోలకి చోటు వదలను. ఇందులో ఒక్క పేరు కూడా రాయను, నా పేరుతో సహా. ఎందుకు రాయనో చదివితే మీకే తెలుస్తుంది.

మా ఊరు చీపురుపల్లి స్టేషనులో దిగి కాలినడకన వెళ్ళగలిగినంత దూరం. నేను బడికి వెళ్ళింది తక్కువ. నా చదువంతా పొట్లాల కాగితాల చదువు. బెల్లం చుట్టిన కాగితం, ఉల్లిపాయలు చుట్టిన కాగితం, ఏది దొరికితే అది విప్పి చదివేవాణ్ణి. సగం వార్త ఒక పొట్లంలో ఉండేది, మిగతా సగం ఎవరింటికి పోయిందో తెలిసేది కాదు. పద్దెనిమిదేళ్ళకే రైసుమిల్లులో కళాసీగా చేరాను. బస్తాలు మోసేవాళ్ళని మా వైపు కళాసీలంటారు. ఆ పనిలో నాకో పేరుండేది. బస్తా మెడ మీద పడగానే ఇందులో ఎన్ని కేజీలున్నాయో చెప్పేవాణ్ణి. కాటా మీద పెట్టి చూస్తే అటూ ఇటూ కేజీ కూడా తేడా వచ్చేది కాదు. మేస్త్రీ నా మీద పందేలు కాసేవాడు. ఈ గొప్ప గుర్తు పెట్టుకోండి, దీంతో పని ఉంది.

సంఘం పుట్టింది ఒక గాలివాన తర్వాత. పెద్ద గాలివాన. తాటాకిళ్ళన్నీ లేచిపోయాయి. కళ్ళాల్లో ధాన్యం మొలకలెత్తిపోయింది. రాగులతో కాచే చోడి అంబలికి కూడా కరువొచ్చింది. మిల్లు మూతపడింది, నా మెడ ఖాళీ అయింది. అప్పుడు పట్నం నుంచి లారీల మీద బియ్యం వచ్చాయి. రానివ్వండి, మంచిదే. కానీ వచ్చినవాళ్ళు మమ్మల్ని ఎండలో వరస కట్టించి, ఒక్కొక్కళ్ళనీ పిలిచి, ఎందరు పిల్లలు, నిజం చెప్పు, నిన్న తీసుకోలేదా, అని అడిగి అడిగి పోశారు. మా అమ్మ ఆ వరసలో నిలబడి తన వంతు రాకముందే తిరిగొచ్చేసింది. ఇంట్లో ఏమీ లేదు. అయినా వచ్చేసింది. ఇంటికొచ్చి, "ఆకలి రెండు పూట్లు ఓర్సుకోగల్ను గానీ, ఆ అడగడం ఓర్సుకోలేన్రా" అంది.

ఆ వరసని మా ఊరి దర్జీ కూడా చూశాడు.

ఆయన కొట్టు మెయిన్ రోడ్డు మీద, రెండు బల్లలూ ఒక మిషనూ. పెద్దగా మాట్లాడేవాడు కాదు, నోట్లో ఎప్పుడూ గుండుసూదులుండేవి. గాలివానకి ముందు ఎవరో పొరుగూరి మనిషి చొక్కా కుట్టడానికిచ్చి వెళ్ళాడు. తీసుకోడానికి రాలేదు. దర్జీ నెల్లాళ్ళు ఆ చొక్కాని కొట్టుకి వేలాడదీసి ఉంచాడు. ఒకరోజు దాన్ని దించి, కుడిచెయ్యి భుజం దగ్గర కత్తిరించాడు. మేదరి వాళ్ళు అల్లిన పెద్ద గంప ఒకటి తెచ్చి, దాని మూతికి మందపాటి దుప్పటి గుడ్డ బిగించి కుట్టాడు. గుడ్డ మధ్యలో కన్నం పెట్టి ఆ చొక్కా చెయ్యి అతికించాడు. చేతికున్న గుండీ కూడా తియ్యలేదు. చూడ్డానికి ఆ గంపలోంచి ఎవరో మనిషి చెయ్యి పైకెత్తి పిలుస్తున్నట్టుండేది. పిల్లలు జడుసుకునేవారు.

"ఏటి మావా ఇది?" అని అడిగాను.

నోట్లో సూదులు తీసి చెప్పాడు. "సోమారం సోమారం ఇంటింటికీ ఎల్తాది. ఉన్నోడు గుప్పెడేత్తాడు, లేనోడు గుప్పెడు తీత్తాడు. చెయ్యి లోపలికెల్లడమే కనిపిత్తాది గానీ, ఏటి సేసిందో కనపడదు."

"మోసేవోడికి కనపడదా?"

"మోసేవోడు గంప అరుగు మీద దించి, ఈదివేపు తిరిగి నిలబడాల. తమలపాకు నమిలినంతసేపు. అందరింటికాడా అంతే, ఎక్కువా కాదు, తక్కువా కాదు."

ఇదీ సంఘం. దీనికి వేరే రాజ్యాంగం లేదు. తర్వాత్తర్వాత రిజిస్ట్రేషన్ చేయించాం, కాగితం మీద ఏదో పొడుగాటి పేరుంది, చదివితే మధ్యలో ఊపిరి తీసుకోవాలి. ఊళ్ళో మాత్రం ఇప్పటికీ గంప సంఘమే. కానీ అసలు పద్ధతి మాత్రం దర్జీ ఆ రోజు చెప్పిందే. ప్రతి ఇంటి మనిషీ ఒక ముంత చెంగు కప్పి తెచ్చుకోవాలి. అది నిండుగా వచ్చి ఖాళీగా వెళ్ళినా, ఖాళీగా వచ్చి నిండుగా వెళ్ళినా, చెంగు కిందే. మొదటింటికే గంప వట్టిది వెళ్ళకూడదని, కిందటి వారం మిగిలిన బియ్యం కొట్లోని పెట్టెలో దాచి, వాటితోనే బయల్దేరేది; మొట్టమొదటి వారం మాత్రం దర్జీ ఇంటి బియ్యమే. ఒక వారం తూర్పు నుంచి, ఒక వారం పడమర నుంచి. ఏ ఇల్లూ వదలకూడదు. మేడైనా, పాకైనా.

మొదట్లో నవ్వారు. "అందరూ తీసుకునేవోళ్ళే అయితే ఏటి సేత్తావు దర్జీబావా?" అని ఎగతాళి. ఆ మొదటి సోమవారం గంప వెనక్కొచ్చేసరికి వెళ్ళినప్పటికంటే బరువుగా ఉంది. మోసింది నేనే కదా. మిల్లులో పని లేదు, మెడ దురద పెడుతోంది, నేను మోస్తానని నేనే ముందుకొచ్చాను. దర్జీ నా వంక ఒకసారి చూసి సరేనన్నాడు. ఆ చూపు నా మెడ గురించని నాకు తర్వాత తెలిసింది.

మిల్లు తెరిచారు. నేను మళ్ళీ బస్తాలు మోస్తూ, సోమవారం సాయంత్రం గంప మోస్తూ ఉన్నాను. రెండేళ్ళు బాగా నడిచింది. ఇక నేను చేసిన తప్పు చెప్పాలి.

గోగు పంట కుళ్ళిపోయిన ఏడు అది. మిల్లు దగ్గర టీకొట్టులో కూర్చున్నాం. మేస్త్రీ నన్ను ఎగేస్తున్నాడు. "ఈడి మెడ మెడ కాదురా, కాటా" అంటున్నాడు. కొత్త కళాసీ ఒకడు నమ్మలేదు. "బస్తా అంటే అలవాటు, సెప్తాడు. వేరేది సెప్పమను సూద్దాం" అన్నాడు. నాకు రోషమొచ్చింది.

"బస్తాలేటిరా, గంప సెప్తాను ఇను. మొన్న సోమారం ఫలానా ఇంటికాడ దించి ఎత్తితే రెండు కేజీలు తగ్గిపోనాది" అన్నాను.

ఫలానా ఇల్లు అన్నది రెండు జతల ఎడ్లున్న ఇల్లు. కళ్ళంలో పదిమంది పనిచేసే ఇల్లు. టీకొట్టులో ఎవరూ నవ్వలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు అప్పుడైనా తెలిసిందా? లేదు. రెండు కేజీలన్న లెక్క తప్పంటారేమోనని, "కావాలంటే పందెం" అని కూడా అన్నాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మెడ నరాలు బిగుసుకుంటాయి.

మాట సాయంత్రానికి ఆ ఇల్లు చేరింది. వాళ్ళకి ఏం కష్టమొచ్చిందో, ఆ రెండు కేజీలు ఎందుకు కావలసొచ్చాయో నాకు తెలీదు. అడగలేదు, అడగను.

తర్వాతి సోమవారం గంపతో వెళ్ళేసరికి తలుపు వేసుంది. అరుగు మీద దించాను. లోపలి నుంచి ఆ ఇంటి కోడలి గొంతు. అప్పటికి ఆమెకి పాతికేళ్ళుంటాయేమో. "మాకేటీ అక్కర్నేదు. ముందుకి తీసుకెల్లిపో" అంది. కోపంగా కూడా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

దర్జీకి చెప్పాను. ఆయన నోట్లో సూదులు తియ్యలేదు. మిషను తొక్కుతూనే ఉన్నాడు. నన్ను తిట్టింది ఆయన కాదు, ఎండుచేపలమ్మే అప్ప.

ఆమె సముద్రపొడ్డు మనిషి. ప్రతి సోమవారం తెల్లవారుజామున బయల్దేరి, బస్సెక్కి, ఎండు నెత్తళ్ళ గంపతో చీపురుపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి, సాయంత్రానికి మా ఊరు చేరేది. దర్జీ కొట్టు అరుగు మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, అమ్మగా మిగిలిన చేపలు సగం ధరకి ఇచ్చేసేది. నలభై ఏళ్ళుంటాయి. నోరు మంచిది కాదు, మనసు మంచిది. వయసులో పెద్దది కాబట్టి అప్పా అని పిలిచేవాణ్ణి. అక్కని మా వైపు అలాగే పిలుస్తాం.

"ఒరే కళాసీ" అంది. "నీ మెడకి నోరున్నాదిరా."

"తెలవక అన్నానప్పా."

"నీకేనా మెడున్నాది? నా గంప నాకు తెల్దా? ఏ ఈదిలో ఎంత తగ్గిందో, ఎవులు ఎక్కువ తీసీసినారో, ఏ సిన్నది సెంగులో రెండు సేపలు దాసీసిందో నా మెడకి తెల్దా? ఎప్పుడైనా సెప్పినానా? ఎవుల్నైనా అడిగినానా?"

తల దించుకున్నాను.

"మోసినోడికి తెలకుండా ఎలగుంటాది దర్జీబావా? నువ్వు కళ్ళకి గుడ్డ కట్టినావు గానీ మెడకి కట్టనేదు" అని ఆయన మీదకి తిరిగింది. అప్పుడు ఆయన సూదులు తీశాడు. "మరేటి సెయ్యమంటావు?" అన్నాడు.

"ఇద్దరు మొయ్యాల. ఇంటింటికీ నెత్తి మారాల. దించినోడు ఎత్తకూడదు. దించకముందు బరువు ఒకడికి తెలిత్తే, ఎత్తినాక బరువు ఇంకొకడికి తెలుత్తాది. ఆలిద్దరూ ఒకలితో ఒకలు సెప్పుకోకూడదు."

ఎంత తేలికైన మాటో చూడండి. నేను బోలెడు పొట్లాల కాగితాలు చదివాను, నాకు తట్టలేదు.

"రెండో మనిషి ఎవులు?" అన్నాడు దర్జీ.

"ఇంకెవులు, నానే. ఈడితో ఇంకెవులు తిరుగుతారు?"

ఆ సోమవారం నుంచి మేమిద్దరం. మొదటిల్లు నా నెత్తి, రెండోది అప్ప నెత్తి. చుట్టకుదురు ఒకటే, అటూ ఇటూ మారేది. ఊళ్ళో కొందరు సణిగారు. బియ్యానికి చేపల వాసనొస్తోందని. ఆ సణుగుడు నిజంగా వాసన గురించేనా అన్నది మీకూ తెలుసు, నాకూ తెలుసు. "వాసనొత్తే ముక్కు మూసుకుని చెయ్యి పెట్టండి" అన్నాడు దర్జీ. ఆయన జీవితంలో అంత గట్టిగా మాట్లాడ్డం నేను మళ్ళీ వినలేదు.

ఆ మూసిన తలుపు దగ్గర ఏం చెయ్యాలన్నది ఒక సమస్య. వాళ్ళు వద్దన్నారు కదా, వదిలేద్దామన్నారు కొందరు. దర్జీ ఒప్పుకోలేదు. "ఒక్క ఇల్లు వదిలితే మిగతా ఇళ్ళన్నీ తీసుకునేయేనని కనిపించిపోతాయి" అన్నాడు. కాబట్టి తలుపు తీసినా తియ్యకపోయినా గంప దించాలి, తమలపాకు నమిలినంతసేపు ఉండాలి, వీధివైపు తిరిగి నిలబడాలి.

నిలబడ్డాం. ఎన్ని సోమవారాలో నేను లెక్కపెట్టలేదు. రెండు వానాకాలాలు దాటాయి. వానలో గంప మీద తాటాకు గిడుగు పట్టుకుని, మూసిన తలుపుకి వీపు పెట్టి నిలబడ్డ రోజులున్నాయి. దారిన పోయేవాళ్ళు, "ఏటి కళాసీ, తలుపుకి కాపలా కాత్తన్నావా?" అనేవారు. అప్ప ఒక్కొక్కసారి నిజంగానే తమలపాకు తెచ్చి నమిలేది, "దీంట్లో సున్నం ఎక్కువైపోనాది, కొంచెం సేపు పడతాది" అంటూ. నా తప్పుకి నాకు పడిన శిక్ష అది, ఆమెకెందుకు? అయినా నిలబడేది.

ఒక సోమవారం ఆ తలుపు దగ్గర గంప దించే వంతు నాది. ఎత్తాల్సింది అప్ప. వీధివైపు తిరిగి నిలబడ్డాం. వెనకాల గడియ తీసిన చప్పుడైంది. తర్వాత చొక్కా చేతికున్న గుండీకి గాజులు తగిలిన చప్పుడు. చిన్న చప్పుడే. నేను వీధి వంకే చూస్తున్నాను. మళ్ళీ గాజుల చప్పుడు, మళ్ళీ గడియ.

అప్ప గంప ఎత్తుకుంది. నాలుగడుగులు నడిచాం. నేను ఉండబట్టలేక నోరు తెరవబోయాను.

"ముందు సూసి నడు. రాయి తగులుతాది" అంది.

అంతే. ఆ చెయ్యి వేసిందో తీసిందో నాకు తెలీదు. చాలా ఏళ్ళకి అప్ప మంచాన పడిందని తెలిసి సముద్రపొడ్డుకి వెళ్ళాను. మనవరాలు వలకి ముళ్ళు వేస్తోంది. అప్ప నన్ను గుర్తుపట్టి, "కళాసీ వొచ్చినాడు, కూకోబెట్టండి" అంది. అవీ ఇవీ మాట్లాడాక మెల్లగా అడిగాను. "అప్పా, ఇప్పుడైనా సెప్పు. ఆ రోజు బరువు పెరిగినాదా, తగ్గినాదా?"

అప్ప మంచం మీద నా వైపు ఒత్తిగిలింది.

"ఏ బరువు?" అంది.

దర్జీ అంతకు ముందే పోయాడు. సంఘం పోలేదు. చావింటికి వంటపాత్రలు, పడకేసిన రోగికి చక్రాల కుర్చీ, రక్తం కావాలంటే గజపతినగరం నుంచైనా మనిషిని రప్పించడం, ఇవన్నీ తర్వాత చేరాయి. గంప నాలుగుసార్లు మారింది. చొక్కా చెయ్యి ఎన్నిసార్లు మారిందో! ఇప్పుడున్నది బడిపిల్లల యూనిఫారం చెయ్యి. గుండీ మాత్రం మొదటిదే. ప్రతిసారీ దాన్నే తీసి కుడుతున్నాం. రేషను బియ్యం వచ్చాక ఇంక గంపెందుకన్నారు. గంపలో పడేవి మారాయి గానీ, పెట్టే చేతులు తగ్గలేదు. ఇప్పుడు బియ్యంతోపాటు పప్పు పొట్లాలు, సబ్బులు, బీపీ మాత్రల పట్టీలు, ఆడపిల్లల ప్యాడ్లు వస్తాయి. పద్నాలుగేళ్ళ పిల్ల ఎవరినీ అడక్కుండా, ఎవరి వంకా చూడకుండా చెయ్యి పెట్టి తీసుకుని వెళ్ళిపోతుంది. ఏ ఆఫీసులో దొరుకుతుంది అలాంటి కౌంటరు?

ఇప్పుడు ఫొటోల సంగతి. విశాఖపట్నం నుంచి ఒక కంపెనీ వాళ్ళు మా సంఘం గురించి విని వచ్చారు. వ్యాను ఇస్తామన్నారు, నెలనెలా సరుకులిస్తామన్నారు. షరతు ఒక్కటే. ఎవరికిచ్చారో ప్రతి మనిషి పేరు, ఫోను నంబరు, సరుకు అందుకుంటున్న ఫొటో. గంప కుదరదు, కవర్లుండాలి, వాటి మీద వాళ్ళ పేరుండాలి. సావనీరులో జాబితా అడిగింది కూడా వాళ్ళకి చూపించడానికే. ఒప్పుకుంటే చొక్కా చెయ్యి తీసేసినట్టే.

ఆదివారం మధ్యాహ్నం బడి వరండాలో మీటింగు పెట్టారు. కుర్రవాళ్ళంతా వ్యాను వైపే. వాళ్ళని తిట్టాలనిపించింది గానీ, వాళ్ళు చెప్పిందీ నిజమే. "మెడలు పడిపోతన్నాయి తాతా, నువ్వు వొచ్చి మొయ్యి" అన్నాడొకడు. సెక్రటరీ లేచి, కంపెనీ కాగితం చదివి, "మావా, లోకంలో అందరూ ఫొటో దిగుతన్నారు, మనకేటి సిగ్గు?" అన్నాడు.

నాకు కాలింది. లేచాను. అందరి ముందూ నా టీకొట్టు కథ చెప్పేద్దామనుకున్నాను. మెడకి నోరుంటే ఏమవుతుందో, ఫొటోకి నోరుంటే ఇంకేమవుతుందో చెప్పాలనుకున్నాను. "నానొకప్పుడు..." అని మొదలెట్టాను.

"కూకో" అని వెనకాల నుంచి గొంతు.

తిరిగి చూశాను. ఆ ఇంటి కోడలు. ఇప్పుడు చేతికర్ర, తెల్లజుట్టు, ముసలావిడ. స్తంభాన్ని ఆనుకుని కూర్చుంది. ఎప్పుడొచ్చిందో నేను చూడలేదు.

"నువ్వొకపాలి మాటాడినావు కదా, సాలు" అంది.

కూర్చున్నాను. కుర్రవాళ్ళకి అర్థం కాక నవ్వారు. ఆమె కర్ర పట్టుకుని లేచి సెక్రటరీ దగ్గరకి నడిచింది.

"ఫొటో కావాలన్నావు కదా నాయినా. నాది తియ్యి."

"నీదెందుకు పెద్దమ్మా?"

"గంపలో చెయ్యి పెట్టినదాన్ని కానా? తియ్యి."

వాడు ఫోను ఎత్తాడు. ఆమె చెంగు సర్దుకుని నిలబడింది. క్లిక్కుమంది.

"ఇప్పుడు కింద రాయి. ఏటి రాత్తావు? ఏసిందని రాత్తావా, తీసిందని రాత్తావా?"

సెక్రటరీ ఫోను దించాడు. "నువ్వే సెప్పు పెద్దమ్మా."

"నాను సెప్పను. గంప మోసినోళ్ళని అడుగు, ఆలైనా సెప్తారేమో." అని నా వైపు తిరిగింది. "ఏటి, తెలుసా నీకు?"

వరండాలో అందరూ నన్నే చూస్తున్నారు.

"తెల్దమ్మా" అన్నాను. "నీ మీదొట్టు, తెల్దు."

ఆమె మొహంలో ఏదో కదిలింది. నవ్వో మరేమిటో. "నలభయ్యేళ్ళు పైబడిపోనాది. ఈ ఊళ్ళో తలెత్తుకునే తిరిగినాను. ఆ గుడ్డ తీసీసి మీరు తెచ్చే వ్యానులో నానైతే చెయ్యి పెట్టను. మీ ఇష్టం" అంది. మళ్ళీ స్తంభం దగ్గరకి వెళ్ళి కూర్చుంది.

సెక్రటరీ ఫోనులోకి చూశాడు. తర్వాత ఆ ఫొటో తీసేసి, తీసేసినట్టు ఆమెకి చూపించాడు. ఓటింగు జరగలేదు. కంపెనీకి గంప ఫొటో ఒకటి, చొక్కా చెయ్యి పైకి లేచి ఉన్నది, పంపించారు. పద్ధతి ఇది, ఇష్టమైతే ఇవ్వండి అని ఉత్తరం రాయించారు. నేనే రాశాను, మూడుసార్లు దిద్ది. జవాబు రాలేదు. వ్యాను రాలేదు. నాకు బాధ లేదంటే అబద్ధం. గంప మోసే ఆ కుర్రవాడి మెడ వాపు నేను చూశాను.

బడి మెట్లు దిగేటప్పుడు ఆమె నా పక్కనే నడిచింది.

"సంఘం కత రాత్తన్నావంట కదా."

"అవునమ్మా."

"నాదీ రాయి. ఈది పేరు రాయకు."

రాశాను. వీధి రాయలేదు. ఆ ఇల్లు ఇదేనని మీలో ఎవరైనా ఊహించుకుంటే అది నా తప్పు కాదు, ఆ ఊహ మీ దగ్గరే ఉంచుకోండి. సావనీరులో జాబితా వేయడం లేదని సెక్రటరీ మాటిచ్చాడు. ఆ రెండు పేజీల్లోకి ఇది పట్టదంటే, ఫొటోల చోటు ఖాళీ అయింది కదా, అక్కడ సర్దమన్నాను.

మొన్న సోమవారం గంప మా అరుగు మీదకొచ్చింది. నేనిప్పుడు మొయ్యలేను, చెయ్యి పెట్టే మనిషినే. మోసేవాళ్ళు చాలక సెక్రటరీ తనే కొట్టు మూసి వస్తున్నాడు. జోడీగా డ్వాక్రా సంఘం అమ్మాయి ఒకతె. గంప దించి ఇద్దరూ వీధివైపు తిరిగారు. నేను ముంత చెంగు కప్పి, అదే, తువ్వాలు కప్పి తెచ్చుకున్నాను. చొక్కా చేతిలోకి చెయ్యి పెట్టాను. లోపల బియ్యం చల్లగా ఉన్నాయి. ఏదో సబ్బు తగిలింది, ఏవో మాత్రలు. మణికట్టుకి గుండీ తగిలింది.

"ఐపోనాదా మావా?" అన్నాడు మేనల్లుడు, వెనక్కి తిరక్కుండానే.

"ఉండరా. తమలపాకు ఇంకా నమల్నేదు" అన్నాను.